మూకీ నాటి కళాశాల హాస్యచిత్రములు: వాటిని దాచిన చేతులు

మన సాహిత్యమున ప్రబంధములకు పట్టిన అదృష్టము చాటువులకు పట్టలేదు. ప్రబంధములను రాజులు వ్రాయించిరి, లేఖకులు తాళపత్రములకెక్కించిరి, సంపన్నులు పెట్టెలలో దాచిరి. చాటువు మాత్రము ఒక నోట పుట్టి మరొక నోటికి ప్రాకి, ఆ నోరు మూతపడినప్పుడు తానును అంతరించెడిది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఓపికతో ఏరి 'చాటుపద్యమణిమంజరి'గా కూర్చినందుననే వాటిలో పెక్కులు మనకు దక్కినవి. అంతకు చాల ముందే సి. పి. బ్రౌను వేమన పద్యముల వ్రాతప్రతులను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. నాటి పండితులలో పలువురు ఆ పద్యములను సాహిత్యముగా పరిగణింపనే లేదు. పెద్దలు చిన్నచూపు చూచిన వస్తువును ఎవరో ఒకరు మమకారముతో చేరదీయుట, పిమ్మట అదియే జాతి సొత్తగుట వాఙ్మయ చరిత్రలో తరచుగా కనబడు విషయము.

చలనచిత్ర చరిత్రలో ఇందుకు చక్కని ఉదాహరణము అమెరికా దేశపు కళాశాల హాస్యచిత్రములు. చిత్రములు ఇంకను మాటలు నేర్వని కాలమున, ముఖ్యముగా 1925–1929 సంవత్సరముల నడుమ, అవి పెక్కులు వెలువడినవి. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్విరి. అటుపిమ్మట వాటిని తీసినవారే మరచిపోయిరి. నేడు మనము వాటిలో కొన్నింటినైనను చూడగలుగుచున్నామన్నచో, ఆ పుణ్యములో పెద్దపాలు ఇంటి అటకలమీద చిన్న రీళ్లను దాచిన సామాన్యులదియు, వాటిని వెదకి పట్టిన సేకర్తలదియును.

కొత్త విద్యార్థి బెదురు

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో కళాశాల చదువు వేగముగా వ్యాపించెను. 1920లో అచటి కళాశాలలయందు చదువుచున్నవారు సుమారు 6 లక్షలు. 1930 నాటికి ఆ సంఖ్య 11 లక్షలకు చేరెను. చిన్న పట్టణములనుండి ఒక పెట్టెయు, కొంచెము పైకమును, కొండంత ఆశయు గొని యువకులు కళాశాల ద్వారమున అడుగిడుచుండిరి. తమ ఇంట మొట్టమొదట ఆ మెట్లెక్కినవారును వారిలో ఉండిరి. అచటి వేషము కొత్త, భాష కొత్త, పై తరగతులవారి వేళాకోళము మరియు కొత్త. ఫుట్‌బాల్ ఆటగానికి దక్కు గౌరవము చదువులో మొదటివానికి దక్కదు. ఈ కొత్తవాని బెదురునుండియే కళాశాల హాస్యము పుట్టినది.

హెరాల్డ్ లాయిడ్ 1925లో నిర్మించి నటించిన 'ది ఫ్రెష్‌మన్' ఈ జాతి చిత్రములకు తలమానికము. ఫ్రెడ్ న్యూమేయర్, శామ్ టేలర్ దాని దర్శకులు. కథానాయకుడు హెరాల్డ్ లామ్ కళాశాలలో ఎట్లు మెలగవలెనో ఒక సినిమా చూచి నేర్చుకొనును. ఎవరితోనైనను చేయి కలుపుటకు ముందు ఆ సినిమా నాయకునివలె కాళ్లతో ఒక చిన్న గంతు వేసి, తనను 'స్పీడీ' అని పిలువుమని కోరును. తోటివారు మెచ్చినట్లు నటించి చాటున నవ్వుదురు. వారికి ఐస్‌క్రీములు కొనిపెట్టుటలో అతని చేతిసొమ్ము కరగిపోవును. ఫుట్‌బాల్ జట్టులో చేరబోగా, ఆటగాండ్రు ఢీకొని అభ్యాసము చేయు బొమ్మ చినిగిపోయినందున, శిక్షకుడు దాని స్థానమున అతనినే నిలుపును. పిదప నీళ్లందించు పనికి పెట్టుకొనగా, తాను జట్టులో సభ్యుడనైతినని అతడు మురిసిపోవును. విందునాటి రాత్రి అతడు తొడిగిన దుస్తులకు కచ్చాకుట్టు మాత్రమే పడియుండును. దర్జీ తెరలచాటున దాగి వెంటవెంట కుట్టుచుండగనే అవి ఒక్కొక్క ముక్కగా ఊడివచ్చును.

ఇంతవరకు నవ్వులే. కాని అందరును తనను ఆటబొమ్మను చేసి ఆడించుచున్నారని తెలిసిన క్షణమున ఆ యువకుడు తనను ప్రేమించిన పెగ్గీ ఒడిలో తల దాచుకొని ఏడ్చును. ఆ యేడుపు నవ్వించుటకు ఉద్దేశించినది కాదు. పరుల మెప్పునకై తన సహజ స్వభావమును దాచుకొనినవాని దుఃఖము అది. ఏ కళాశాల వసతిగృహమున ఏ యేటనైనను ఒకడైనను ఆ దుఃఖమును అనుభవింపకుండునా? ఉపాధ్యాయులు ఈ చిత్రమును కేవల వినోదముగా చూడజాలకపోవుటకు కారణము ఇదియే.

చివరి ఫుట్‌బాల్ పోటీలో జట్టువారు ఒక్కొక్కరుగ గాయపడగా, గత్యంతరములేక శిక్షకుడు హెరాల్డును బరిలోనికి పంపును. అతడు జట్టును గెలిపించును. ఆ దృశ్యములను రోజ్ బౌల్ క్రీడాస్థలమునందు తీసిరి. జనసమూహము కొరకు 1924 నవంబరులో బర్క్‌లీ నగరమున కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయముల నడుమ జరిగిన నిజమైన పోటీ విరామ సమయమును వినియోగించుకొనిరి. కనుకనే ఆ చిత్రములో మనకు కనబడు వేలకొలది ముఖములు అద్దె నటులవి కావు. ఆనాటి విద్యార్థులవి, వారి బంధువులవి.

రెండేండ్లకు, 1927లో, బస్టర్ కీటన్ 'కాలేజ్' అను చిత్రమున నటించెను. జేమ్స్ డబ్ల్యు. హోర్న్ దర్శకుడు. ఇందలి రోనాల్డ్ పుస్తకముల పురుగు. పాఠశాల పట్టప్రదానోత్సవమున ఆటలవలని అనర్థములనుగూర్చి ఉపన్యసించి, తాను ప్రేమించిన మేరీకి కోపము తెప్పించును. ఆమె ఆటగాండ్రను మెచ్చునది. ఆమె వెంట అదే కళాశాలలో చేరి, ఆటల పుస్తకములు చదివి, ఒక్కొక్క ఆటలోను భంగపడును. దాటవలసిన అడ్డుకంచెలనన్నింటిని పడగొట్టుచు పరుగెత్తు దృశ్యము చూచి నవ్వనివారుండరు. తుదకు మేరీ ఆపదలో చిక్కినదని తెలియగనే, మైదానమున ఒక్కటియు చేతగాని ఆ యువకుడు కంచెలు దాటి, నీటిగుంటపై దూకి, ఒక కర్ర ఆసరాతో ఎగిరి కిటికీలో ప్రవేశించును. ఆ కర్రదూకు ఒక్కటి మాత్రము కీటన్ స్వయముగా చేసినది కాదు. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఆ విద్యలో స్వర్ణపతకము గెలిచిన లీ బార్న్స్ ఆయనకు బదులుగా ఎగిరెను.

ఈ చిత్రములలో గుణముతోపాటు నాటి సంఘదోషములును ఉన్నవి. 'కాలేజ్'లోనే కీటన్ ముఖమునకు నలుపు పూసికొని నల్లజాతి సేవకునిగా నటించు ఘట్టము కలదు. నేటివారికి అది రుచింపదు, రుచింపకూడదు. అయినను దానిని కత్తిరించి పారవేసినచో నాటి సంఘము నేటికంటె మంచిదని పిల్లలు భ్రమపడుదురు. ఉన్నది ఉన్నట్లు దాచుట సేకర్త ధర్మము. దానిని వివరించుట ఉపాధ్యాయుని ధర్మము.

మిగిలినవి, మిగులనివి

లాయిడ్, కీటన్ల వలె పేరెన్నికగన్నవారి చిత్రములు మిగిలినవి. తక్కినవాటి సంగతి అట్లు లేదు. 1926లో విలియం హేన్స్ నటించిన 'బ్రౌన్ ఆఫ్ హార్వర్డ్', 1927లో మేరియన్ డేవీస్ బాస్కెట్‌బాల్ ఆడు విద్యార్థినిగా నటించిన 'ది ఫెయిర్ కో-ఎడ్' దక్కినవి. అదే 1927లో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన 'రోల్డ్ స్టాకింగ్స్' దక్కలేదు. తరువాత జర్మనీలో నటించి విశ్వఖ్యాతి గాంచిన లూయీస్ బ్రూక్స్ అందు నటించెను. ఆ చిత్రమునకు సంబంధించి నేడు మనకు మిగిలినవి కొన్ని ఛాయాచిత్రములు, ప్రకటనలు, పత్రికలలోని సమీక్షలు మాత్రమే.

సేకర్తలకు మిక్కిలి ప్రియమైనది, మిక్కిలి శ్రమ కలిగించునది 'ది కాలేజియన్స్' అను చిత్రమాల. యూనివర్సల్ సంస్థ 1926 నుండి 1929 వరకు దీనిని వెలువరించినది. సంస్థాధిపతి కుమారుడైన కార్ల్ లెమ్లీ జూనియర్, ఇరువదేండ్లు నిండకముందే, దీనిని తలపెట్టెను. కాల్‌ఫర్డ్ అను కల్పిత కళాశాలలో చేరిన విద్యార్థులు మొదటి సంవత్సరమునుండి చివరి సంవత్సరమువరకు నడచు కథ ఇది. రెండేసి రీళ్ల చిన్న చిత్రములుగా మొత్తము 44 భాగములు వచ్చినవి. జార్జి లూయిస్, డొరొతీ గలివర్ ముఖ్యపాత్రధారులు. ప్రేక్షకులు తమ ఊరి విద్యార్థులవలె వారిని యేటేట ఎదురుచూచిరి. మన వారపత్రికలలోని ధారావాహిక నవలలవలె ఇవియు చదివి అవతల పారవేయు సరుకుగానే పరిగణింపబడినవి. ఆ 44 భాగములను ఒకచోట చేర్చుట సులభమైన పని కాదు. ఒక భాగము ఒకరియొద్ద, వేరొక భాగము వేరొకరియొద్ద, మూడవదానిలో సగము మరియొకరి పెట్టెలో ఉండుట సేకర్తలకు నిత్యానుభవము.

నశించిన విధము

1927 అక్టోబరులో 'ది జాజ్ సింగర్' విడుదలైన తరువాత రెండు మూడేండ్లలోనే మూకీలకు గిరాకి పోయినది. నిన్నటి చిత్రము నేటి చెత్త అయినది. అవి గిడ్డంగులలో స్థలమును ఆక్రమించుటయేగాక ప్రమాదమును కూడ తెచ్చిపెట్టుచుండెను. నాటి 35 మిల్లీమీటర్ల ఫిల్మునకు ఆధారము నైట్రేటు. తుపాకిమందుగా వాడు నైట్రోసెల్యులోజునకు అది దగ్గరి చుట్టము. ఒకసారి అంటుకొనినచో తనకు కావలసిన ప్రాణవాయువును తానే పుట్టించుకొనును గనుక నీటిలో ముంచినను ఆరదు. అంటుకొనకున్నను అది సుఖముగా ఉండదు. మొదట బొమ్మ వెలవెలబోవును. పిదప ఫిల్ము జిగురుగా మారి పొరలు అతుకుకొనును. తుదకు గోధుమవన్నె పొడి మిగులును.

అగ్నికి ఆహుతియైనవి కొన్ని. 1937 జూలైలో న్యూజెర్సీ రాష్ట్రమందలి లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ సంస్థ గిడ్డంగి కాలి ఆ సంస్థ మూకీలలో అధికభాగము నశించినది. 1943లో హెరాల్డ్ లాయిడ్ సొంత భవనమందలి చిత్రశాల అంటుకొని ఆయన తొలినాటి చిత్రములు పెక్కులు పోయినవి. మనుష్యులు బుద్ధిపూర్వకముగా నాశనము చేసినవి మరికొన్ని. ఫిల్ములోని వెండిని తీసి అమ్ముకొనుటకు వాటిని కరగించినవారు కలరు. 1948లో యూనివర్సల్ సంస్థ తనయొద్ద మిగిలిన మూకీల నైట్రేటు ప్రతులను తానే ధ్వంసము చేయించినది. 'ది కాలేజియన్స్' వంటి చిత్రమాలలకు పుట్టినింటనే నిలువనీడ లేకపోయినది.

మొత్తము నష్టమెంత? అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన డేవిడ్ పియర్స్ పరిశోధనలో దీనికి సమాధానము కలదు. ఆ దేశమున పెద్ద సంస్థలు విడుదల చేసిన పూర్తినిడివి మూకీలు 10,919. వాటిలో మొదటి రూపమున, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై, సంపూర్ణముగా మిగిలినవి నూటికి 14 మాత్రమే. విదేశీ ప్రతులుగనో, చిన్న ఫిల్ముపై తీసిన ప్రతులుగనో మరి 11 వంతులు మిగిలినవి. అసంపూర్ణములుగా మిగిలినవి 5. నూటికి 70 చిత్రములు పూర్తిగా పోయినవి. పూర్తినిడివి చిత్రముల గతియే ఇట్లుండగా, రెండు రీళ్ల హాస్యచిత్రములను పట్టించుకొనునదెవరు?

చిన్న రీళ్ల చలువ

పట్టించుకొనినవారు సామాన్య గృహస్థులు. అదియు చరిత్రను కాపాడవలెనని కాదు; ఆదివారమునాడు పిల్లలతో కూర్చుండి నవ్వుకొనుటకు. 1922 చివర ఫ్రాన్సు దేశపు పాతే సంస్థ ఇంట వాడుకొనదగిన 9.5 మిల్లీమీటర్ల ఫిల్మును ప్రవేశపెట్టెను. 1923లో కొడాక్ సంస్థ 16 మిల్లీమీటర్ల ఫిల్మును తెచ్చెను. ఇండ్లలో వాడునవి గనుక ఇవి నైట్రేటుతోగాక తేలికగా మండని అసిటేటుతో చేసినవి. ఈ జాగ్రత్తయే కళాచరిత్రకు వరమైనది.

పాతే వారి చిన్న ఫిల్ములో ఒక చమత్కారము కలదు. మాటలు వ్రాసిన ఫలకమును తెరపై కొన్ని సెకండ్లు నిలుపవలెనన్నచో దానిని వందలకొలది సార్లు ముద్రింపవలెను గదా! వారు దానిని కొలదిసార్లు ముద్రించి, ఫిల్ము అంచున ఒక గంటు పెట్టిరి. గంటు వచ్చినప్పుడు యంత్రము తానై ఆగి, చదువుకొనుటకు వ్యవధినిచ్చి, మరల కదలును. పొదుపు కొరకు కనిపెట్టిన ఈ ఉపాయమువలన పెద్ద చిత్రము చిన్న పెట్టెలో ఇమిడెను. కొడాక్ వారు 'కొడాస్కోప్ లైబ్రరీలు' పెట్టి, పుస్తకములవలె చిత్రములను అద్దెకిచ్చిరి. అవి 1939లో మూతపడినను ప్రతులు అంతరింపలేదు. యూనివర్సల్ సంస్థయు తన చిత్రములను 16 మిల్లీమీటర్లకు మార్చి, 'షో-ఎట్-హోమ్' అను పేర ఇండ్లకు, పాఠశాలలకు అందించెను. కాల్‌ఫర్డ్ కళాశాల విద్యార్థులు ఈ మార్గముననే బ్రతికి బయటపడిరి. యజమాని 1948లో ధ్వంసము చేసిన వస్తువునకు నకలు అప్పటికే వేరొకరి అలమారులో ఉండినది.

సేకర్త చేయు పని

రీలు దొరకినంతమాత్రమున సేకర్త పని ముగియదు, అప్పుడే ఆరంభమగును. డబ్బాపై ఉన్న పేరు నిజము కావచ్చును, కాకపోవచ్చును. ఇండ్లకు అమ్మిన సంక్షిప్తప్రతులకు తరచు పేరు మార్చెడివారు. మొదటి అడుగులు చినిగి పేరే లేని రీళ్లు పెక్కులు. అప్పుడు సేకర్త తాళపత్ర పరిష్కర్తవలె అంతర్గత సాక్ష్యమును వెదకును. విద్యార్థి గది గోడపై వ్రేలాడు జెండా మీద ఏ కళాశాల పేరు కలదు? మోటారుకారు నంబరుపలకపై ఏ సంవత్సరమున్నది? ఫలకములపై పాత్రల పేర్లేవి? ఈ ఆధారములను 'మూవింగ్ పిక్చర్ వరల్డ్' వంటి ఆనాటి పత్రికలలోని కథాసంగ్రహములతో పోల్చి చూచును.

ఫిల్ము వయస్సు తెలిసికొనుటకు మరియొక దారి కలదు. కొడాక్ సంస్థ తన ముడిఫిల్ము అంచున వృత్తము, చతురస్రము, త్రిభుజము మొదలగు గుర్తులను ముద్రించెడిది. ఆ గుర్తును బట్టి ఫిల్ము తయారైన సంవత్సరమును చెప్పవచ్చును. కాని అవే గుర్తులు ఇరువదేండ్లకొకసారి తిరిగివచ్చును. 1926 గుర్తు 1946లోను కనబడును. మన ప్రభవాది సంవత్సరములవలె ఇదియు ఒక చక్రము. వ్రాతప్రతిలో సంవత్సర నామము మాత్రమే ఉన్నప్పుడు ఏ అరువదేండ్ల ఆవృత్తమో తేల్చుకొనుటకు మన పరిశోధకులు పడు చిక్కు ఇక్కడను కలదు.

తరువాతి పరీక్ష వాసన. అసిటేటు ఫిల్ము చెడుట ఆరంభమైనప్పుడు పులిసిన కాడివాసన, అనగా వెనిగరు వాసన, వచ్చును. అట్టి రీలును మంచివాటి నడుమ ఉంచినచో వాటికిని ఆ తెగులు సోకును; కనుక వేరుగా పెట్టవలెను. చల్లదనము, పొడిగాలి దానికి మందు. ముడుచుకొనిన ఫిల్మును ఆశపడి ప్రొజెక్టరుకెక్కించినచో పంటిచక్రము పట్టి అంచు రంధ్రములు చినిగిపోవును. తొందరపడి ఒకసారి చూడగోరినవాడు ఇతరులెవ్వరికిని చూపలేనివాడగును.

వేగము మరియొక సమస్య. 400 అడుగుల 16 మిల్లీమీటర్ల రీలులో 16,000 బొమ్మలుండును. సెకండునకు 16 బొమ్మల చొప్పున నడపినచో అది ఇంచుమించు 17 నిమిషములు సాగును. టాకీ వేగమైన 24 చొప్పున నడపినచో 11 నిమిషములలో ముగియును. మూకీలను చిత్రించిన వేగము ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరు. అది తెలియక టాకీ యంత్రములపై నడపినందువలననే మూకీలలో మనుష్యులు బొమ్మలవలె గబగబ గెంతుదురను అపవాదు వ్యాపించినది. సరియైన వేగమున చూచినచో హెరాల్డ్ లామ్ ముఖమున ఆశ క్రమముగా అవమానముగా మారుట స్పష్టముగా తెలియును.

ఇట్టి ఓపికతో పనిచేసినవారిలో విలియం కె. ఎవర్సన్ (1929–1996) స్మరణీయుడు. ఇంగ్లండున పుట్టి న్యూయార్కున స్థిరపడిన ఆయన వేలకొలది చిత్రములను సేకరించి, థియొడోర్ హఫ్ స్మారక చలనచిత్ర సంఘమున ప్రదర్శించెను. ప్రతి ప్రదర్శనకు తానే వివరణ వ్రాసి, నకళ్లు తీయించి ప్రేక్షకులకు పంచెడివాడు. పిదప న్యూయార్కు విశ్వవిద్యాలయమున అధ్యాపకుడైనను ఆ అలవాటు మానలేదు. కెవిన్ బ్రౌన్‌లో పదునొకండవ యేట 9.5 మిల్లీమీటర్ల యంత్రము సంపాదించి సేకరణ ఆరంభించెను. చిన్నతనమున దొరకిన 'నెపోలియన్' చిత్రపు రెండు చిన్న రీళ్లు ఆయనను జీవితాంతపు పరిశోధనకు పురికొల్పినవి. ఆయన కృషికి 2010లో గౌరవ ఆస్కారు లభించినది. బస్టర్ కీటన్ పూర్వము నివసించిన భవనమును కొనిన నటుడు జేమ్స్ మేసన్, ఆ యింట మరుగుపడియున్న కీటన్ చిత్రముల ప్రతులను కనుగొని భద్రపరచుటకు తోడ్పడెను. ఇల్లు మారునప్పుడు ఒక పెట్టెను తెరచి చూడకయే పారవేయుటకును, తెరచి చూచుటకును గల భేదమిది.

సేకర్తలకు ఎల్లప్పుడును గౌరవమే దక్కలేదు. ఫిల్ముపై హక్కు సంస్థలది గనుక వారిని దొంగలుగా చూచిన దినములును కలవు. 1974 డిసెంబరులో నటుడు రాడీ మెక్‌డవెల్ సేకరించిన చిత్రప్రతులను అమెరికా ప్రభుత్వాధికారులు స్వాధీనము చేసికొనిరి. తుదకు ఆయనపై అభియోగము మోపలేదు. సంస్థల హక్కును కాదనజాలము. ఒకరి శ్రమఫలమును ఇంకొకరు అమ్ముకొనుట న్యాయము కాదు. కాని హక్కుదారు తన సొత్తును తానే తగులబెట్టినప్పుడు, అనుమతిలేక దాచినవాడు అపరాధియా, ఉపకారియా? ఈ ప్రశ్నకు చట్టము ఇచ్చు సమాధానము వేరు. చరిత్ర ఇచ్చు సమాధానము వేరు. ఇప్పుడు ఆ చిక్కు చాలవరకు తీరినది. అమెరికా చట్టము ననుసరించి 1925 నాటి చిత్రములపై హక్కు 2021 జనవరి 1తోను, 1927 నాటివానిపై 2023 జనవరి 1తోను, 1929 నాటివానిపై 2025 జనవరి 1తోను ముగిసినది. వాటిని నేడు అచట ఎవరైనను నకలు తీసి పంచుకొనవచ్చును. అయితే హక్కు ముగియునాటికి వస్తువు మిగిలియుండవలెను గదా!

జపానులోను అదే కథ

అమెరికా కళాశాల హాస్యము సముద్రములు దాటి జపానువారిని గూడ ఆకర్షించెను. హెరాల్డ్ లాయిడ్ చిత్రములను మెచ్చిన యువ దర్శకులలో ఒజూ యసుజిరో (1903–1963) ఒకడు. తరువాతి కాలమున గంభీరమైన కుటుంబ కథలతో జగద్విఖ్యాతుడైన ఈయన, ప్రవేశపరీక్షలలో తప్పి, ఒక కొండపల్లె పాఠశాలలో ఏడాదిపాటు తాత్కాలికోపాధ్యాయుడుగా పనిచేసెను. పిదప చిత్రసీమలో చేరెను. ఆయన చిత్రములలో నేడు లభించువాటిలో మొట్టమొదటిది 1929 నాటి విద్యార్థి హాస్యచిత్రమే. దాని పేరునకు 'యౌవన దినములు' అని అర్థము.

1930లో ఆయన తీసిన చిత్రము పేరునకు 'తప్పితిని గాని...' అని అర్థము. అందొక విద్యార్థి పరీక్షలో చూచి వ్రాయుటకు తన చొక్కా వెనుక సమాధానములన్నియు వ్రాసికొనును. అది మాసినదనుకొని ఇంటి యజమానురాలు చాకలికి వేయును. అతడు తప్పును, మిత్రులు కృతార్థులగుదురు. కాని ఆర్థికమాంద్యపు కాలమగుటచే కృతార్థులకు ఉద్యోగములు దొరకవు. తప్పినవాడు ఇంకొక ఏడాది ఆటపాటలతో హాయిగా గడపును. ఈ నవ్వు వెనుక ఎంత కన్నీరున్నదో నిరుద్యోగమెరిగిన మన పట్టభద్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి ముందు, 1929లో తీసిన చిత్రము పేరునకు 'పట్టభద్రుడనైతిని గాని...' అని అర్థము. ఉద్యోగము లేని యువకుడు తల్లియొద్ద ఆ సంగతి దాచుటయే దాని కథ. అతని గది గోడపై లాయిడ్ నటించిన 'స్పీడీ' చిత్రపు ప్రకటన వ్రేలాడుచుండును. గంటకు మించిన ఆ చిత్రములో నేడు మిగిలినది పది పన్నెండు నిమిషముల భాగము మాత్రమే. ఒజూ అదే యేట తీసిన మరి రెండు హాస్యచిత్రములు కొంతవరకైనను దక్కినవన్నచో, అందుకు ఇండ్లలో దాగియున్న 9.5 మిల్లీమీటర్ల ప్రతులే కారణము. ఇక్కడను కాపాడినది చిన్న రీలే.

మన సంగతి

ఇతర దేశముల నష్టమును లెక్కించునప్పుడు మన నష్టమును మరువరాదు. తెలుగువారి చలనచిత్ర చరిత్రకు ఆదిపర్వమైన 'భీష్మ ప్రతిజ్ఞ' 1921 నాటిది. రఘుపతి వెంకయ్యనాయుడుగారు, వారి కుమారుడు ప్రకాశ్‌గారు మద్రాసున శ్రమించి తీసిన ఆ మూకీ నేడు చూతమన్నను లేదు. భారతదేశమున వెయ్యికి పైగా మూకీలు వెలువడగా, మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడి, పి. కె. నాయర్‌గారు దేశమెల్ల తిరిగి సేకరణకు పూనుకొనునాటికే అధికభాగము నశించియున్నది. మనకు ఇండ్లలో చిన్న రీళ్లు దాచు అలవాటు అంతగా లేదు. కావున అమెరికా, జపానులను ఆదుకొనిన ఆ అదృష్టము మనకు కలుగలేదు.

అయినను విద్యాలయములలో పనిచేయువారి చేతులలో నేటికిని నశింపనిది కొంత కలదు. ప్రతి పాత కళాశాలలోను వార్షిక సంచికలున్నవి. నాటకమాడిన విద్యార్థుల ఛాయాచిత్రములున్నవి. వార్షికోత్సవములను తీసిన వీడియో క్యాసెట్లున్నవి. అలమారు ఖాళీ చేయునప్పుడు మొదట బయటకు పోవునవి ఇవియే. అవి వినోదమునకు సంబంధించినవి గదా యని. మార్కుల రిజిష్టర్లు మాత్రము పదిలముగా ఉండును. ఒక తరము విద్యార్థులు దేనికి భయపడిరో, దేనికి నవ్విరో, ఎట్టి దుస్తులకు మురిసిరో ఆ రిజిష్టర్లు చెప్పజాలవు.

కనుక పారవేయుటకు ముందు ఒకసారి తెరచి చూడవలెను. క్యాసెట్టును చెడకమునుపే నకలు తీయించి, ఆ నకలును వేరొకచోట ఉంచవలెను. ఛాయాచిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో అందలివారి పేర్లు, నాటకము పేరు, సంవత్సరము వ్రాయవలెను. ఇందుకు ధనము అక్కరలేదు. ఒక మధ్యాహ్నము, ఇద్దరు ముగ్గురు విద్యార్థుల సాయము చాలును. పేరు వ్రాయకుండ విడిచిన ముఖమును ముప్పదియేండ్ల తరువాత ఎంతటి సేకర్తయు గుర్తుపట్టలేడు.